చీటీలో రాయని మాట

నాకు పదకొండేళ్ళప్పుడు దొరికిన మొదటి రచనా వ్యాసంగం చీటీలు రాయడం. భద్రాచలం నుంచి అడవి వైపు వెళ్ళే దారిలో ఉన్న మా ఊళ్ళో, మఠకన్యల హాస్టల్లో మా అమ్మ వంట చేసేది. ప్రతి బుధవారం సాయంత్రం గుడిలో నిత్య సహాయమాత నవదిన ప్రార్థనలు. గుడి గుమ్మం పక్కన, నీలం రంగు వేసిన చెక్కపెట్టె ఒకటి ఉండేది. మరియమ్మకు చెప్పుకోవాల్సింది కాగితం మీద రాసి అందులో వేయాలి. ప్రార్థన మధ్యలో ఫాదర్‌గారు కొన్ని తీసి పైకి చదివేవారు. చదివినవీ చదవనివీ అన్నీ తొమ్మిదో వారం పీఠం ముందు ఇత్తడి పళ్ళెంలో పెట్టి కాల్చేవాళ్ళు. పొగ పైకి పోతుంటే ఆడవాళ్ళు కొంగులు తలమీదికి లాక్కుని చూస్తూ నిలబడేవాళ్ళు.

రాయడం రానివాళ్ళే ఎక్కువ కాబట్టి, బడికి పోయే పిల్లగా ఆ పని నా మీద పడింది. గుడి మెట్ల మీద నోట్‌బుక్కు పెట్టుకుని కూర్చుంటే ఒక్కొక్కరే వచ్చి చెవిలో చెప్పేవాళ్ళు. నేను ముందు రాసిన చీటీల నుంచి, ఫాదర్‌గారు చదివే వాటి నుంచి భాష నేర్చుకున్నాను. 'ఆరోగ్యం కొరకు', 'సంతాన ప్రాప్తి కొరకు', 'అప్పుల బాధ తొలగుట కొరకు', 'కుటుంబ శాంతి కొరకు'. కింద సంతకం ఉండదు. 'ఒక భక్తురాలు' అనో, 'ఒక తల్లి' అనో రాస్తే చాలు.

ఒక బుధవారం మిరపకాయ కోతల నుంచి నేరుగా వచ్చిన ఒకామె నా పక్కన కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అది కారం ఘాటేమో అనుకున్నాను. "తాగొచ్చి కొడతన్నాడు బిడ్డా. మొన్న గొడ్డలి కామ తీసుకున్నాడు. సంపుతాడేమో అని భయంగా ఉంది. గట్ల రాయి అమ్మకు" అంది. నేను తలూపి రాశాను. 'కుటుంబ శాంతి కొరకు. ఒక భక్తురాలు.' ఆమె ఆ కాగితాన్ని రెండు చేతుల్తో తీసుకుని, కళ్ళకద్దుకుని పెట్టెలో వేసింది.

ఆ నాలుగు మాటలు పాతికేళ్ళుగా నా వెంట పడుతున్నాయి. తర్వాత నేను సాహిత్యం చదివాను. తెలుగు స్త్రీల ఆత్మకథల మీద పరిశోధన చేశాను. స్త్రీల అనుభవాన్ని భాష ఎలా మింగేస్తుందో, పితృస్వామ్యం ఏ మాటల చాటున దాక్కుంటుందో సెమినార్లలో మాట్లాడాను. కానీ ఒక స్త్రీ తన ప్రాణభయం చెబితే దాన్ని 'కుటుంబ శాంతి'గా మార్చిన చెయ్యి నాదే. నాకు ఎవరూ అలా రాయమని చెప్పలేదు. అలా మాత్రమే రాయాలని నాకు తెలిసిపోయింది, అంతే. ఒక ప్రక్రియ తన నియమాల్ని మనకు తెలియకుండానే నేర్పేది ఇలాగే.

కష్టకాలంలో మొర వినే దయగల తల్లి అనే భావన స్త్రీలకు ఏమిచ్చింది, వాళ్ళ నుంచి ఏం తీసుకుంది? ఈ ప్రశ్నను ఇక్కడ భక్తి కోణంలో కాక, సాహిత్య విద్యార్థినిగా అడగాలనుకుంటున్నాను. ప్రార్థనా ఒక రచనే కదా. అందులో మాట్లాడే గొంతు ఒకటుంది, వినే గొంతు ఒకటుంది, చెప్పకూడనిది కూడా ఒకటుంది.

మరియమ్మ మీద స్త్రీవాదుల విమర్శ మనకు కొత్తది కాదు. తల్లి తన కొడుకు ముందే మోకరిల్లడం మానవ చరిత్రలో అదే మొదటిసారి అనీ, మగవాడి అంతిమ విజయం అదేననీ సిమోన్ ద బోవా 1949లో 'సెకండ్ సెక్స్'లో అంది. కాథలిక్‌గా పెరిగిన మరీనా వార్నర్ 1976లో రాసిన 'అలోన్ ఆఫ్ ఆల్ హర్ సెక్స్'లో, కన్యా తల్లీ ఒకేసారి అయిన ఈ స్త్రీని ఆదర్శంగా నిలబెట్టడం వల్ల మిగతా స్త్రీలందరూ తక్కువైపోయారని సోదాహరణంగా చూపింది. కన్యగానే తల్లి కావడం ఎవరికీ సాధ్యం కాదు కాబట్టి ప్రతి స్త్రీ ఆ కొలతకు తగ్గుతుంది. ఎం.ఏ. చదివే రోజుల్లో ఇవి చదివి నేను మా అమ్మతో గుడికి వెళ్ళడం మానేశాను. ఆ వాదన ఈనాటికీ నాకు సరైనదే అనిపిస్తుంది. కాకపోతే అది విగ్రహాన్ని చూసి చేసిన వాదన. విగ్రహం ముందు కూర్చున్నవాళ్ళ నోటి మాటలు విని చేసినది కాదు.

జూలియా క్రిస్తెవా 1977లో ఇదే విషయం మీద రాసిన వ్యాసం, తర్వాత 'స్టాబట్ మాటర్' పేరుతో ప్రసిద్ధమైంది. ఆ వ్యాసంలో పేజీ రెండు నిలువు వరుసలుగా చీలి ఉంటుంది. ఒక వరుసలో మరియమాత ఆరాధన చరిత్ర, సిద్ధాంతం నడుస్తాయి. రెండో వరుసలో ఆమె సొంత ప్రసవం, కొడుకు, నొప్పి, పాలు. రెండూ పక్కపక్కనే ఉంటాయి గానీ కలవవు. అది చదివినప్పుడు నా చీటీలు గుర్తొచ్చాయి. అక్కడా రెండు వరుసలే. ఒకటి చెవిలో చెప్పినది, ఒకటి కాగితం మీద రాసినది. క్రిస్తెవా రెండు వరుసల్నీ అచ్చువేసింది. మా ఊళ్ళో ఒక వరుస గాలిలో కలిసింది, రెండోది పళ్ళెంలో కాలిపోయింది.

ఇక ప్రార్థనల భాష సంగతి. తెలుగులో కాథలిక్కుల ప్రార్థన వినగానే తెలిసిపోతుంది. ప్రొటెస్టెంట్లు దేవుణ్ణి 'నీవు' అంటారు, కాథలిక్కులు 'మీరు' అంటారు. మరియమ్మనూ 'మీరు' అనే అంటారు. ఇంట్లో తల్లిని ఎవరం 'మీరు' అనం. ఆకలేస్తే, దెబ్బ తగిలితే, జ్వరమొస్తే నోటికొచ్చేది 'నువ్వే'. 'మీరు' దొరగారికి, పంతులుగారికి, ఎమ్మార్వో గారికి. అచ్చు పుస్తకంలోని ప్రార్థన తల్లిని ఆఫీసులో కూర్చోబెట్టింది. ఆమె ముందు మనం అర్జీ పట్టుకుని నిలబడతాం. నా చీటీల్లోని 'కొరకు' కూడా ఆ అర్జీల భాషే.

ఇందుకు పూర్తిగా ఎదురు నడిచిన సన్నివేశం ఒకటి లూర్దు కథలోనే ఉంది. 1858లో ఫ్రాన్సులోని ఆ ఊళ్ళో, పనిపోయిన మిల్లు కార్మికుడి కూతురు, చదువురాని పద్నాలుగేళ్ళ బెర్నదెత్‌కు మరియమాత కనిపించిందని కాథలిక్కుల నమ్మకం. కనిపించిన స్త్రీ ఆ పిల్లకు తెలిసిన పల్లె భాషలోనే మాట్లాడింది. అదీ 'మీరు' అని మన్నించి, దయచేసి వస్తారా అని అడిగింది. తనను అంతకుముందు ఎవరూ అలా పిలవకపోవడమే బెర్నదెత్‌ను ఆశ్చర్యపరిచింది. ఆ లూర్దు మాత స్వరూపాన్నే ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్ ఆర్లాటి 1924లో గుణదలలో ప్రతిష్ఠించారు. ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా జరిగే ఆ ఉత్సవాలకు మా వైపు నుంచి కూడా జనం వెళ్తారు. అది సరిగ్గా మిరప కోతల కాలం కాబట్టి కూలి పోగొట్టుకుని వెళ్ళాలి. అక్కడ తల్లి పేదపిల్లను 'మీరు' అన్నది. మన పుస్తకంలో పేదవాళ్ళు తల్లిని 'మీరు' అంటున్నారు. గౌరవం ఏ వైపు నుంచి ఏ వైపుకు పారుతోందన్న ప్రశ్నకు ఈ చిన్న సర్వనామంలో జవాబుంది.

ప్రార్థన ఏం అడుగుతుందో చూద్దాం. మంగళవార్త ప్రార్థన మొదటి సగం లూకా సువార్త మాటలే. రెండో సగం తర్వాత చేరి, 1568 నాటి రోమన్ ప్రార్థన గ్రంథంలో ఇప్పటి రూపానికి స్థిరపడింది. ఆ రెండో సగంలో మనం మరియమ్మను అడిగేది ఒక్కటే. మా తరఫున ప్రార్థించమని. కాపాడమని కాదు, కాపాడగలవాడికి చెప్పమని. మధ్యయుగం నుంచి పాడుకుంటూ వచ్చిన 'సాల్వే రెజీనా' ప్రార్థన ఆమెను వకీలు అని పిలుస్తుంది. వకీలు న్యాయమూర్తి కాదు. వాదించగలదు, తీర్పు చెప్పలేదు. ఆమెకు రాణి కిరీటం పెట్టినా ఆమె చేతిలో ఉన్నది సిఫారసు ఒక్కటే.

ఈ సిఫారసు తల్లి మా ప్రాంతానికి ఇటలీ నుంచి దిగుమతి అయిందని చాలామంది అనుకుంటారు. మిలాన్ మిషనరీలు 1855లో హైదరాబాద్ వచ్చినది నిజం. ఖమ్మం మేత్రాసనం 1988లో ఏర్పడినదీ నిజం. కానీ సిఫారసు అడగడం మాకు వాళ్ళు నేర్పలేదు. మేము భద్రాచలం వాళ్ళం. పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న సర్కారు సొమ్ముతో గుడి కట్టించి, తానీషా కాలంలో గోల్కొండ చెరసాలలో పడ్డాడు. అక్కడి నుంచి రామదాసుగా ఆయన రాముణ్ణి నిలదీశాడు, తిట్టాడు, చేయించిన నగల లెక్కలు ఒప్పజెప్పాడు. ఏదీ పనిచేయకపోతే చివరికి సీతమ్మ వైపు తిరిగాడు. భర్త ఒంటరిగా, ప్రసన్నంగా ఉన్న సమయం చూసి నా మాట చెప్పవమ్మా అని వేడుకున్న ఆయన కీర్తన తెలుగువాళ్ళందరికీ తెలుసు. అదే 17వ శతాబ్దంలో ఫ్రాన్సులో ఖైదీలకూ, ఉరికంబం ఎక్కేవాళ్ళకూ మధ్య పనిచేసిన క్లోద్ బెర్నార్ అనే గురువు, 'మెమొరారె' అనే మరియమాత ప్రార్థనను కరపత్రాలుగా అచ్చువేయించి పంచాడు. ఇంతవరకు ఆమెను ఆశ్రయించి నిరాశపడ్డవాళ్ళు లేరని ఆ తల్లికే గుర్తుచేసే ప్రార్థన అది. ఒకరి గురించి ఒకరికి తెలియని రెండు చెరసాలలు. రెండు చోట్లా మగవాళ్ళు తలుపు తట్టింది లోపల ఉన్న స్త్రీ కోసమే.

శ్రీవైష్ణవంలో దీనికి ఒక పేరు కూడా ఉంది, పురుషకారం. జీవుడి తప్పుల్ని చూడకుండా స్వామికి నచ్చజెప్పేది లక్ష్మి. తనను గాయపరిచిన కాకాసురుడి మీద సైతం సీత చూపిన దయ అందుకు ఉదాహరణగా చెబుతారు. ఇక్కడే నాకు గొంతుకు అడ్డం పడుతుంది. తనను గాయపరిచినవాడి కోసం కూడా వకాల్తా పుచ్చుకునే తల్లి! ఆ ఆదర్శం గొడ్డలి కామ కింద ఉన్న స్త్రీకి ఏం చెబుతుంది? నువ్వూ అలాగే ఓర్చుకో అని కదా. దయగల తల్లిని చూపించి దయను ఆడదాని ఉద్యోగంగా మార్చడం రెండు మతాల్లోనూ జరిగింది.

ఇంకోటి గమనించండి. రామదాసు కథ చివర్లో తానీషాకు డబ్బు కట్టడానికి వచ్చినది రామలక్ష్మణులు. సిఫారసు చేసినామె ఆ సన్నివేశంలో లేదు. పని జరిగితే పేరు దేవుడికి పోతుంది.

సిఫారసు కావ్యం మనకు ఇంకొకటుంది. 1941లో వచ్చిన జాషువా 'గబ్బిలం'. గుడిలోకి అడుగుపెట్టనివ్వని మనిషి, గుడిలోకి స్వేచ్ఛగా పోగల గబ్బిలాన్ని దూతగా ఎంచుకుంటాడు. అర్చకుడు దగ్గర లేని సమయం చూసి శివుడి చెవిన వేయమంటాడు. రామదాసుదీ, ఈ దళితుడిదీ ఒకే ఉపాయం, సమయం చూసి చెప్పమనడం. అయితే జాషువా చేతిలో ఆ ఉపాయమే ఆరోపణగా మారింది. నేను నేరుగా ఎందుకు చెప్పుకోలేను అనే ప్రశ్న కావ్యం పొడుగునా మండుతుంది. సిఫారసు అడగాల్సి రావడమే అన్యాయం అని చదివేవాడికి తెలిసేలా చేస్తాడు. నా చీటీల్లో లేనిది ఆ మంటే. మా ఇంట్లో మూడు తరాల క్రితం జ్ఞానస్నానం తీసుకున్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు పుణ్యమా అని క్రైస్తవులైన దళితులు షెడ్యూల్డు కులాల లెక్కలోకి రారు. ఇక్కడ బి.సి.-సి కింద ఉంటారు. అందుకే మా అమ్మకు గుడిలో ఒక పేరు, కాగితాల్లో ఇంకో పేరు. అలాంటి ఆడవాళ్ళకు పేరు లేని చీటీ ఎంత సౌకర్యమో నాకు తెలుసు. ఆ సౌకర్యం వెనక ఏముందో కూడా తెలుసు.

కాథలిక్ సంప్రదాయంలోనే మరియమ్మ గొంతు రెండుచోట్ల వేరుగా వినిపిస్తుంది. ఒకటి, లూకా సువార్త మొదటి అధ్యాయంలో గర్భవతిగా ఉండి ఆమె పాడిన పాట. బలవంతుల్ని గద్దెల మీంచి దించడం, ఆకలిగొన్నవాళ్ళ కడుపు నింపడం, ధనవంతుల్ని వట్టి చేతుల్తో పంపడం అందులోని విషయం. అందులో ఎవరికీ సిఫారసు లేదు. రెండోది, యోహాను సువార్తలోని కానా పెళ్ళి. విందులో ద్రాక్షరసం అయిపోయింది. మగవాళ్ళెవరూ గమనించలేదు. ఇంటిపని తెలిసిన స్త్రీ గమనించి కొడుకుతో అయిపోయిందని మాత్రమే చెప్పింది. ఇది చెయ్యి అని కోరలేదు. లేనిదాన్ని లేదని అన్నది. అతను విసురుగా జవాబిచ్చినా, ఆమె వెనక్కి తగ్గకుండా నేరుగా పనివాళ్ళ వైపు తిరిగి అతను చెప్పినట్టు చేయమంది. ఆ కథలో పని ముందుకు నడిపింది ఆమే. సువార్తలో ఇంత మాట్లాడిన మనిషి, ప్రార్థన పుస్తకంలోకి వచ్చేసరికి వింటూ కూర్చునే బొమ్మ అయింది.

నిత్య సహాయమాత చిత్రపటం కూడా అటువంటి మాటే చెబుతుంది. 1866లో పోపు తొమ్మిదవ పయస్ రెడెంప్టరిస్టు గురువులకు అప్పగించిన ఆ పాత పటం నకళ్ళు లేని కాథలిక్ ఇల్లు మా వైపు అరుదు. పటంలో సిలువనూ మేకుల్నీ పట్టుకున్న దేవదూతల్ని చూసి బాలయేసు బెదిరి తల్లి చేతిని పట్టుకున్నాడు. పరుగులో ఒక కాలి చెప్పు ఊడి వేలాడుతోంది. అంటే అక్కడ సాయం కావలసింది దేవుడికే. తల్లి బిడ్డ వైపు చూడటం లేదు, మన వైపు చూస్తోంది. ఆ చూపులో హామీ కనిపించదు. జరగబోయేది తెలిసిన దిగులు కనిపిస్తుంది. ఈ బిడ్డను తాను కాపాడలేనని ఆమెకు తెలుసు.

నా పరిశోధన రోజుల్లో నాకు అర్థం కానిది ఇదే. సీత ఎవరికోసమైనా చెప్పగలదు గానీ, నిండు గర్భిణిగా అడవిపాలైన రోజు ఆమె కోసం చెప్పినవాళ్ళు లేరు. మరియమ్మ కొడుకును సిలువ మీంచి దించలేకపోయింది. తమ కోసం ఏమీ గెలవలేకపోయిన ఈ ఇద్దరి దగ్గరికే ఆడవాళ్ళు ఎందుకు వెళ్తారు? ఆధిపత్యం వాళ్ళ బుర్రలు అలా తయారుచేసిందని అప్పట్లో నా జవాబు. ఇప్పుడు అది సగం జవాబే అనిపిస్తోంది. గెలిచినవాళ్ళకు కష్టం చెప్పుకుంటే ఏం తప్పు చేశావని అడుగుతారు. ఓడిపోయినామె ఆ ప్రశ్న అడగదు.

మా అడవికి ఇంకో తల్లి ఉంది కాబట్టి పోలిక సులభమవుతుంది. మేడారం జాతరలో లక్షలమంది ఎత్తు బెల్లం మొక్కే సమ్మక్క, కోయ స్త్రీ. కాకతీయ సైన్యంతో పోరాడి, గాయపడి చిలకలగుట్ట వైపు వెళ్ళి మాయమైందని కథ. అక్కడ కుంకుమ భరిణె దొరికిందంటారు. కూతురు సారలమ్మ, కొడుకు జంపన్న ఆ యుద్ధంలోనే పోయారు. యుద్ధం సమ్మక్కా ఓడిపోయింది. కానీ ఆమె ఎవరికీ సిఫారసు చేయలేదు, ఎవరి పక్కనా కూర్చోలేదు. ఆమెకు మొక్కేవాళ్ళు ఫలానా దేవుడికి చెప్పమని అడగరు. నువ్వే చెయ్యి అంటారు. ముగ్గురూ దుఃఖం తెలిసిన తల్లులే. ఆమెకు పైన ఎవరూ లేకపోవడమే తేడా. ఓల్గా 'విముక్త'లో సీతను శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళలతో కలిపి మాట్లాడించి, సిఫారసు పీట మీంచి లేపి నడిపించింది. మరియమ్మను తెలుగులో అలా నడిపించిన కథ నాకింకా ఎదురుపడలేదు. బహుశా అది రాయాల్సిన వాళ్ళం ఇంకా చీటీలు రాసిన సిగ్గులోనే ఉన్నామేమో.

2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక సరిహద్దు దాటి మా వైపు అడవుల్లోకి కొత్త మనుషులు వచ్చారు. నేను అప్పటికి పెద్దపిల్లను. బుధవారాల్లో అలా వచ్చిన ఒకామె మెట్ల దగ్గర నిలబడింది. ఆమె మాట ఊరి కోయ అవ్వ ఒకామె విని తెలుగులో నాకు చెప్పింది. మొగుణ్ణి తీసుకుపోయారు, ఎవరు తీసుకుపోయారో చెప్పలేం, తిరిగి రాలేదు. నేను రాసింది 'దూరమున నున్న భర్త క్షేమం కొరకు'. రెండు భాషలు దాటి వచ్చిన మాటను మూడోదైన చీటీ భాషలో పాతిపెట్టాను. సల్వాజుడుం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011లో తీర్పు ఇచ్చినప్పుడు నేను యూనివర్సిటీ లైబ్రరీలో ఆ వార్త చదువుతూ ఈ వాక్యాన్నే గుర్తుచేసుకున్నాను.

2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు చేరింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీరు చూడటం అదే. మా ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. అమ్మా నేనూ ఒక బడిలో పెట్టిన పునరావాస కేంద్రంలో నాలుగు రాత్రులు ఉన్నాం. తరగతి గదిలో పదిహేను కుటుంబాలు. అమ్మ జపమాల తిప్పుతుంటే నేను పక్కన పడుకుని వింటున్నాను. పుస్తకం ప్రార్థన ఉన్నంతసేపూ 'మీరు' నడిచింది. మాల అయిపోయాక ఆమె గొంతు మారింది. "బియ్యం డ్రమ్ము పోయింది. పట్టా కాగితాలు తడిసినయి. ఈ పిల్ల మూడు రోజుల నుంచి సరిగ్గా తినట్లేదు. చూస్తనే ఉన్నవ్ గదా నువ్వు" అంది.

నేను లేచి కూర్చున్నాను. అమ్మ మరియమ్మను 'నువ్వు' అంటోంది. అదీగాక ఆమె ఏమీ అడగడం లేదు. ఏవి లేవో చెబుతోంది. కానాలో మరియమ్మ చేసినదీ అదే. అచ్చు ప్రార్థన పాపాత్ములం అని మొదలెట్టి తగ్గించిన తలను, అమ్మ సొంత వాక్యం ఎత్తి పట్టుకుంది. ఆ వాక్యం ఏ పుస్తకంలోనూ లేదు, ఏ చీటీలోనూ లేదు. అర్జీలా కూడా లేదు. ఒక ఆడమనిషి ఇంకో ఆడమనిషికి ఇంటి లెక్క ఒప్పజెబుతున్నట్టుంది.

ఆ రాత్రే అమ్మను అడిగాను, గొడ్డలి కామ చీటీ గురించి. నేనేం రాశానో మొదటిసారి ఒప్పుకున్నాను. అమ్మ నవ్వింది. "నువ్వేం రాసేదానివో మాకు తెల్వదా? ఆమె నీకు చెప్పినప్పుడు నీ వెనక మెట్ల మీద మేం కూచుని ఉంటిమి గదా. చీటీ అమ్మకి. మాట మాకు" అంది.

తర్వాత ఆదివారం అమ్మతో కలిపి నలుగురు ఆడవాళ్ళు ఆ ఇంటికి వెళ్ళారట. గొడ్డలి తెచ్చి హాస్టల్ వంటింట్లో పెట్టారట. దానితోనే చాలా రోజులు కట్టెలు కొట్టామంది అమ్మ. కొన్ని నెలలు అతను చెయ్యెత్తలేదు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ వెళ్ళారు. ఆఖరికి ఆమె పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోయింది. ఇప్పుడెక్కడుందో అమ్మకు తెలియదు.

దీన్ని విజయగాథగా చెప్పను. అలా అని, నేను ఇన్నాళ్ళూ చదివినట్టు లొంగుబాటు పాఠంగా కూడా చదవలేను. నేను కాగితాన్ని చదివాను. కాగితం చుట్టూ కూర్చున్నవాళ్ళను చదవలేదు. గుడి మెట్ల మీద చెవిలో చెప్పడానికి వచ్చిన మాటను నలుగురూ వినేవాళ్ళు, వినేలాగే ఆమె చెప్పేది. ఊళ్ళో ఆడవాళ్ళు మొగుణ్ణి గురించి పైకి మాట్లాడటానికి ఒప్పుకున్న చోటు అదొక్కటే. దయగల తల్లి పేరు మీద ఆ చోటు దొరికింది. అంతమాత్రాన చీటీ భాషను క్షమించలేను. మెట్ల దగ్గర అమ్మవాళ్ళు లేని బుధవారాలు కూడా ఉన్నాయి. సరిహద్దు దాటి వచ్చిన ఆమె మాటను విన్నది ఒక్క అవ్వ, నేను. మా ఇద్దరి వల్లా ఏమీ కాలేదు. అక్కడ మిగిలింది చీటీ ఒక్కటే, అందులో నిజం లేదు.

తెలుగు స్త్రీల రచన చరిత్ర రాసేటప్పుడు అచ్చయిన పుస్తకాలతో, దొరికిన డైరీలతో మొదలుపెడతాం. బుధవారం పెట్టెలో పడి కాలిపోయిన వేల వాక్యాలకు ఏ లైబ్రరీలోనూ చోటు లేదు. కాలిపోయినవాటిని తిరిగి తేలేం. కానీ వాటిని రాయించినవాళ్ళు, రాసినవాళ్ళు, మెట్ల మీద కూర్చుని విన్నవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళను అడిగి రాసుకోవచ్చు. సీతమ్మకు ఏం చెప్పుకున్నారో, సమ్మక్కకు ఏం చెప్పుకున్నారో కూడా అదే నోట్‌బుక్కులో రాసుకోవచ్చు. 'కొరకు' అనే మాట వాడకుండా రాసుకోవాలి.

పోయినేడు నవదినాలకు అమ్మ కంటి ఆపరేషన్ అయి ఉంది. తనకొక చీటీ రాసిపెట్టమంది. పెన్ను తీసుకుని, "ఆరోగ్యం కొరకు అని రాయనా?" అన్నాను అలవాటుగా.

"కాదు. కుడి కన్ను కనబడట్లేదు అని రాయి. కింద నా పేరు రాయి" అంది అమ్మ.

ఏ పేరు రాయాలని అడిగాను. అమ్మ కాసేపు ఆలోచించి, రెండూ రాయమంది.